లీటరుకు పదిహేను

ఆ పికప్ లీటరుకు పదిహేను ఇస్తుందని కంపెనీవాళ్ళు రాశారు. రాయడానికేం, చెయ్యి తిరిగితే చాలు. రోడ్డు మీద ఆ పదిహేను తెప్పించిన మొనగాడు మా సర్వీస్ సెంటర్ మొత్తానికి ఒక్కడే, అది నేనే. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు గానీ, ఉన్నది దాచుకోవడం అంతకన్నా ఇష్టం ఉండదు.

షెడ్డులో నన్ను పిల్లికాలు అంటారు. యాక్సిలరేటర్ మీద నా పాదం పిల్లి అడుగులా పడుతుందట. మా ఆవిడ మాత్రం కాలుగాలిన పిల్లి అంటుంది, ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోనని. ఎవరికి తోచింది వాళ్ళు అంటారు, నేను పట్టించుకోను.

ఆ పేరు రావడానికి కారణం సీసా. బండి కొన్న కొన్నాళ్ళకు కస్టమర్లు ఒంటికాలి మీద లేస్తూ వస్తారు. పదిహేనని చెప్పి అంటగట్టారు, తొమ్మిది దాటట్లేదు, ఇది బండా బావురుపిల్లా అని అరుస్తారు. మేనేజరు వాళ్ళకు కాఫీ ఇప్పించి నన్ను పిలుస్తాడు. ట్యాంకు నుంచి ఇంజనుకు వచ్చే పైపు విప్పేసి, గీతలున్న లీటరు సీసాలో డీజిల్ పోసి ఇంజను పక్కన కట్టి, అందులోంచి తాగేలా పెడతాను. కస్టమరును పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీసా అయిపోయేదాకా నడుపుతాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అదే మైలేజీ. మాయ లేదు, మంత్రం లేదు, అంతా కళ్ళెదుటే.

కళ్ళెదుటే అన్నాను గానీ, దానికి ముందు కాస్త తతంగం ఉంది. టైర్లలో గాలి ఒక పిసరు ఎక్కువ కొడతాను. వెనక తొట్టిలోని తాళ్ళు, టార్పాలిన్, జాకీ, స్టెప్నీ అన్నీ దింపిస్తాను. ఏసీ కట్టేస్తాను. ఊరి బయట బైపాస్ ఎక్కుతాను, అది అరచెయ్యంత చదును, పొద్దున్నే వెళితే అడ్డొచ్చేవాడు ఉండడు. టాప్ గేరులో పడేసి, యాభై దాటకుండా, బ్రేకు అనే వస్తువు బండిలో ఉన్నట్టే మరిచిపోయి నడుపుతాను. పక్కన కూర్చున్నవాళ్ళకు కడుపులో చల్ల కదలదు. కొందరు గురక పెడతారు కూడా. వాళ్ళు లేచేసరికి పదిహేను వచ్చి ఉంటుంది. బండిలో లోపం లేదండీ, నడపడంలో ఉంది అని మేనేజరు చల్లగా చెబుతాడు. వచ్చినవాళ్ళు మారుమాట లేకుండా తాళాలు తీసుకుని వెళ్ళిపోతారు.

దీన్ని మోసం అన్నవాడితో నేను మాట్లాడను. ఫొటో దిగేముందు తల దువ్వుకుంటే మోసమా?

అలాంటి రోజుల్లోనే టైల్స్ షాపావిడ వచ్చింది. కింద షాపు, పైన ఇల్లు. భర్త పోయాక ఒక్క చేత్తో షాపు నిలబెట్టిన మనిషి. కళ్ళద్దాల్లోంచి చూస్తే ఎదుటివాడు తన చొక్కా గుండీలు సరిచూసుకోవాల్సిందే. ఆవిడది డబుల్ క్యాబిన్ పికప్. ముందూ వెనకా మనుషులు కూర్చోవచ్చు, తొట్టిలో టైల్స్ పెట్టెలు వేసుకోవచ్చు. దాన్ని నడిపేది అల్లుడు. ఉన్న ఒక్కగానొక్క కూతురికి మొగుడు, ఇల్లరికం వచ్చి పైన ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆవిడ అందరిలా అరవలేదు. కాఫీ పూర్తిగా తాగింది. కప్పు కింద పెట్టి, బండి తొమ్మిదే ఇస్తోంది, మీరు పదిహేనన్నారు, మిగతా ఆరు ఎవరు తాగుతున్నారో తేల్చండి అంది. ఇంజను సంగతేననుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

పరీక్షకు అల్లుడు కూడా వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను తొట్టి ఖాళీ చేయిస్తుంటే మాత్రం దగ్గరకొచ్చి, మేమెప్పుడూ ఖాళీ బండి తిప్పం కదన్నా అని మెల్లగా అన్నాడు. పరీక్షకో పద్ధతి ఉంటుందిలే బాబూ అని నేను పెద్దమనిషిలా చెప్పాను. అతను వెనక సీట్లో కూర్చున్నాడు, అత్తగారు నా పక్కన కూర్చుంది. ఆ రోజు గాలి కూడా వెనకనుంచే తోసింది. సీసా అడుగంటేసరికి దాదాపు పదహారు వచ్చింది. నా సర్వీసులోనే అది రికార్డు. షెడ్డులోకి వచ్చి దిగుతూ స్టీరింగును తట్టాను కూడా. మేనేజరు ఎదురొచ్చి, బండిలో లోపం లేదండీ అని ఎప్పటిలాగే చల్లగా చెప్పాడు.

ఆవిడ దిగి, వెనక్కి తిరిగి, మెకానిక్కులందరూ చూస్తుండగా అల్లుడి ముందు నిలబడింది.

"విన్నారా అల్లుడుగారూ. బండిలో లోపం లేదట. ఆ ఆరూ ఎక్కడ అమ్ముతున్నారో ఇక మీరే చెప్పండి."

దొంగ అనడానికి కూడా గారు తగిలించి, మీరు అని పిలిచింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు, మా ఇంట్లో దానం కూడా కాదు వ్యాపారమే అంది. అతను తెల్లబోయాడు.

"చుక్క కూడా అమ్మలేదు అత్తయ్యా."

"అయితే ఈయన అబద్ధమా?" అని ఆవిడ నన్ను చూపించింది.

అందరూ నావైపు చూశారు. అతనూ చూశాడు. నేను దింపించిన సామాను ఇంకా గోడవారగానే ఉంది. మేనేజరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. సీసా అబద్ధం చెప్పదండీ అన్నాను. ప్రతి కస్టమరుకూ చెప్పే మాటే, అలవాటుగా వచ్చేసింది. అతను తాళాలు ఆవిడ చేతిలో పెట్టి గేటు దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పూట భోజనం దగ్గర మా ఆవిడకు రికార్డు సంగతి చెప్పాను. తను బట్టలు కుడుతుంది, ముందు గదిలో మిషను. కంచం ముందు కూర్చున్నా చేతిలో ఏదో ఒక జాకెట్టు ఉంటుంది. అల్లుడి సంగతి కూడా చెప్పేసరికి సూది ఆపింది.

"మన స్కూటరు ఎంతిస్తుంది?"

నలభై అన్నాను. కంపెనీవాళ్ళు ఎంతన్నారని అడిగింది. అరవై అన్నాను.

"మరి మిగతా ఇరవై నువ్వు ఎక్కడ అమ్ముకుంటున్నావు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. స్కూటరు వేరు, పికప్ వేరు, రోడ్డు గురించి నీకేం తెలుసు, సూదిలో దారం ఎక్కించుకో అన్నాను. కూరలో ఉప్పు తక్కువైందని కూడా అన్నాను. ఒక మనిషిని దొంగను చేసొచ్చి ఉప్పు గురించి మాట్లాడుతున్నావు అని తను లేచి మిషను దగ్గరకు వెళ్ళిపోయింది. నేను కోపంగా రెండోసారి వడ్డించుకున్నాను.

టైల్స్ షాపావిడ ఇంకో డ్రైవరును పెట్టుకుంది. అతనికి ఎనిమిదిన్నర వచ్చింది. దొంగ అని పంపేసింది. తర్వాత తలపండినవాణ్ణి తెచ్చుకుంది, ఏనాడూ ఎవరి చేతా మాట పడని మనిషి. ఆయనకు ఎనిమిదే వచ్చింది. ఆయనా దొంగేనని తేల్చేసింది. పదిహేనుకు పైగా వస్తుందని ఆవిడ కళ్ళారా చూసింది మరి, ఎవరు కాదంటారు? మా గేటు పక్క టీ బంకు దగ్గర డ్రైవర్లందరూ చేరతారు. ఊళ్ళో డ్రైవర్లంతా దొంగలేనని తేల్చావు కదా పిల్లికాలూ అని టీ బంకాయన నా గ్లాసు అందిస్తూ అన్నాడు. మిగతావాళ్ళు నేను కూర్చున్న బల్ల మీదనుంచి లేచి నిలబడి టీ తాగారు.

అల్లుడు కలప అడితిలో దుంగలు దింపుతున్నాడని, వాళ్ళక్క ఇంట్లో ఉంటున్నాడని అక్కడే తెలిసింది. తర్వాత అతని భార్య నన్ను వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చింది. సాయంత్రం పూట వెళ్ళి ఆయన్ని చూసి, అమ్మ ఒక్కతే ఉంటుందని మళ్ళీ ఇంటికొస్తున్నానని చెప్పింది. ఆ రోజు బండిలోంచి ఏమేం దింపారో వచ్చి అమ్మకు చెప్పండి, ఇంకేం అక్కర్లేదు అంది. మేనేజరు గారిని అడగాలమ్మా అని నీళ్ళు నమిలాను.

"ఆయన ఎవర్నీ తిట్టట్లేదండీ. మాట్లాడటమే మానేశారు. మాట్లాడట్లేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనంటోంది అమ్మ."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు కోపమొస్తుంది, ఆ రోజు సాయంత్రం దాకా షెడ్డులో కనిపించిన ప్రతివాడి మీదా అరిచాను.

ఆ వారంలోనే షాపావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి మేనేజరు దగ్గరకు పోకుండా సూటిగా నా దగ్గరకే వచ్చింది. ఊళ్ళో నిజాయితీ ఉన్న డ్రైవరువు నువ్వొక్కడివేనయ్యా, ఆదివారం సెలవే కదా, మా లోడు వేసుకుని ఒక్క రోజు నడుపు, నీ లెక్క అందరి మొహాన కొడతాను అంది. నేను ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి మాట గుచ్చుకుంటోందన్నది సగం నిజం. పదిహేను కాకపోయినా పన్నెండన్నా రాదా, నా కాలంటే ఏమనుకుంటున్నారన్నది మిగతా సగం.

ఆదివారం పొద్దున్నే పెట్రోలు బంకులో ట్యాంకు మూతిదాకా నింపించాం. ఆవిడ బంకు కుర్రాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ చేతిలోని గొట్టం ఆఖరి చుక్క కారేదాకా కళ్ళార్పకుండా చూసింది. సాయంత్రం మళ్ళీ మూతిదాకా నింపితే ఎంత పట్టిందో అంత తాగినట్టు. సీసా లేదు, బైపాస్ లేదు, ఏ సామానూ దింపలేదు. షాపు దగ్గర టైల్స్ పెట్టెలు ఎక్కిస్తుంటే బండి వెనక భాగం మెల్లమెల్లగా కిందికి దిగి కూర్చుంది. ఇంకో నాలుగు పట్టవా అని ఆవిడ అడిగింది. పట్టాయి.

మార్కెట్ రోడ్డులో మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. తోపుడు బండి పక్కకు జరిగేదాకా ఆగడం, సిగ్నల్ పడేదాకా ఆగడం, పడ్డాక ముందున్నవాడు ఫోన్ దించేదాకా ఆగడం. ఏసీ ఆపుదామమ్మా అన్నాను. దుమ్ము నాకు పడదు అంది. మొదటి సైటు దగ్గర వాచ్‌మన్ గేటు తియ్యలేదు, సూపర్‌వైజరుకు ఫోన్ కలవలేదు. నేను ఇంజను ఆపబోయాను.

"ఆపకు. లోడున్నప్పుడు మా బండి ఆపకూడదు."

ఒకప్పుడు ఏదో సైటు దగ్గర బ్యాటరీ పోయి ఆవిడ టైల్స్ మధ్య ఎండలో సాయంత్రం దాకా కూర్చుందట. అప్పట్నుంచి లోడు దిగేదాకా ఇంజను ఆపకూడదని షాపులో కట్టడి. ఈ కట్టడి అల్లుడికి కూడా ఉందా అని అడిగాను. అందరికీ ఒకటే అంది. మేం గేటు ముందు కూర్చున్నాం. ఇంజను గొణుగుతూనే ఉంది. ఒక్క చక్రం కదలకుండా డీజిల్ కరిగిపోతుంటే నాకు సొంత రక్తం పోతున్నట్టే అనిపించింది.

ఆఖరి లోడు కొండ మీది కాలనీకి. చెప్పు విప్పేసి ఉత్త పాదంతో నొక్కాను, నా పనితనమంతా చూపించాను. సగం ఎత్తులో బండి నిలబడిపోయి వెనక్కి జారింది. వెనక వచ్చేవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు. ఇక పిల్లీ లేదు, కాలూ లేదు, బలమంతా పెట్టి తొక్కాను. పొగ వదులుకుంటూ ఎక్కింది. ఆవిడ పైన ఉన్న కడ్డీ పట్టుకుని ముందుకే చూస్తోంది.

సాయంత్రం అదే బంకులో, అదే గొట్టం. మీటరు తిరుగుతూనే ఉంది. ఇంకెంత పడుతుందిరా బాబూ అని నేను లోపల లోపల మొక్కుకుంటున్నాను. గొట్టం బయటకు తీసేలోపే ఆవిడ నోటిలెక్క కట్టేసింది.

"ఎనిమిది."

ఏళ్ళతరబడి ఈ కాలిని నమ్ముకుని బతికాను. ఆ నోరులేని అల్లుడు నాకన్నా ఒక కిలోమీటరు ఎక్కువే తెప్పించేవాడన్నమాట. ముందు నాకు తట్టింది అదే, ఏం చెయ్యను, నా బుద్ధి అలాంటిది.

ఆవిడ బండెక్కి కూర్చుంది. నావైపు తిరిగింది.

"దారిలో ఎక్కడ అమ్మావు?"

పొద్దుటినుంచి నా పక్కనే కూర్చున్న మనిషి. అన్నాక ఆ మాట తన చెవికే వినపడినట్టుంది, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు చెప్పాను. గాలి ఎక్కువ కొట్టడం, సామాను దింపించడం, బైపాస్, యాభై, అన్నీ చెప్పాను. బరువేసి ఊళ్ళో తిప్పితే ఈ బండి ఎవరికీ తొమ్మిది దాటదమ్మా, తొమ్మిది వచ్చిందంటే నడిపినవాడు పనిమంతుడు అన్నాను.

"ఆ రోజు అందరి ముందూ నిన్ను అడిగాను కదయ్యా."

"అడిగారు."

"మరి?"

"మేనేజరు పక్కనే ఉన్నాడమ్మా."

ఉన్న కారణం అదే. ఇంకాస్త పెద్ద కారణం ఉంటే బాగుండునని నాకూ అనిపించింది. ఆవిడ నన్ను తిట్టలేదు, అల్లుడి అక్క ఇంటికి పోనీ అంది.

చిన్న ఇల్లు, వరండాలో బట్టలు ఆరేసి ఉన్నాయి. అల్లుడు గట్టు మీద కూర్చుని బకెట్టుకు ఊడిపోయిన పిడి బిగిస్తున్నాడు. దుంగలు మోసి అరచేతులు కొట్టుకుపోయి ఉన్నాయి. అతని భార్య కూడా అక్కడే ఉంది, తల్లిని చూసి లేచి నిలబడింది. ఆవిడ మెట్టు కిందే ఆగి తాళాలు చాపింది.

"బండి ఎనిమిదే ఇచ్చింది అల్లుడుగారూ. ఈయన నడిపినా అంతే."

అతను అలాగా అన్నట్టు తలూపాడు.

"మీరు తొమ్మిది తెప్పించారు. మిమ్మల్ని అనరాని మాట అన్నాను. తప్పు నాదే. ఇకమీదట నాకు ఏ సీసా వద్దు, మీ మాట చాలు."

ఆవిడ జీవితంలో అలాంటి మాట ఇంకెవరికీ చెప్పి ఉండదు. అతను పిడి పూర్తిగా బిగించి, బకెట్టు పక్కన పెట్టి, అప్పుడు ఆవిడ మొహంలోకి చూశాడు.

"నా మాట చాలేదైతే ఆ రోజే చాలేది అత్తయ్యా."

అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆవిడ తట్టుకునేది, కోపాలు ఆవిడకు కొత్త కాదు. భార్య అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అతను భార్యను చూసి, తాళాలు తీసుకున్నాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ అతని బట్టలు సర్దడానికి లోపలికి పరిగెత్తింది. అతను నావైపు తిరిగి, టీ తాగుతారా అన్నా అని అడిగాడు. చెంప మీద కొట్టినా ఇంతకన్నా బాగుండేది. వద్దన్నాను.

తర్వాత వచ్చిన కస్టమరుకు సీసా కట్టి పదిహేను తెప్పించి, ఇది ఖాళీ బండి లెక్కండీ, బరువేస్తే తొమ్మిదే అని చెప్పాను. ఆయన సంతోషించాడు, మేనేజరు సంతోషించలేదు. ఇప్పుడు నేను చక్రాల అలైన్‌మెంట్ చూస్తున్నాను. సీసా ఇంకెవరికో ఇచ్చారు, వాడికి పద్నాలుగు కూడా రావట్లేదని విన్నాను. విని కాస్త సంతోషించాను కూడా.

మొన్నామధ్య స్నానాలగదిలో టైల్స్ ఊడిపోతే మా ఆవిడ ఆ షాపుకే వెళదామని పట్టుబట్టింది. ఊళ్ళో ఇంకే షాపూ లేనట్టు. సాయంత్రం వెళ్ళాం. షాపావిడ నన్ను చూసి ముభావంగా తలూపి, మా ఆవిడకు మాత్రం కుర్చీ వేయించి రకాలన్నీ తీసి చూపించింది. షాపులో ఇంకా కొనేవాళ్ళున్నారు, పెట్టెలు మోసే కూలీలున్నారు. అంతలో బయట పికప్ ఆగింది. అల్లుడు లోపలికొచ్చాడు, తిన్నగా గల్లాపెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఈ రోజు ఎనిమిదిన్నర అత్తయ్యా. కొండ కాలనీకి రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది."

అందరికీ వినపడేలా, మర్యాదగా చెప్పి, తాళాలు ఆవిడ ముందు పెట్టి, మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఎవరూ పని ఆపలేదు. వాళ్ళకు అది రోజూ వినే మాటేనని నాకు అర్థమైంది.

"నేను అడగనమ్మా," అంది ఆవిడ మా ఆవిడతో. "వద్దండీ, చెప్పకండీ అని బతిమాలాను. అయినా రోజూ చెబుతారు."

ఆవిడ చేతిలో ఉన్న టైలును బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి పక్కకు జరిపింది. మా ఆవిడ ఆవిణ్ణి చూసి, తర్వాత నన్ను చూసింది. నేను తెల్లవే బాగున్నాయి, తెల్లవే తీసుకుందాం అన్నాను.